పక్షవాతం వచ్చిన ఇంట్లో ఎవరి మాట వినాలి? నర్సింగ్ సేవకు పరిశోధన చూపే దారి

ఖరగ్‌పూర్‌లో 'ట్రాఫిక్' అంటే వాహనాల రద్దీ కాదు, రైల్వే పేట. రైళ్ళను నడిపే శాఖను రైల్వేలో ట్రాఫిక్ అంటారు. ఆ శాఖ పేరే ఈ పేటకూ ఉంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి పనికోసం వచ్చి స్థిరపడిన కుటుంబాల మూడో తరం, నాలుగో తరం వాళ్ళు ఈ ఊళ్ళో ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. వీధిలో హిందీ, బజారులో బెంగాలీ.

ఇక్కడ ఒక క్వార్టర్‌ను ఊహించుకుందాం. కొడుకు రైల్వే ఉద్యోగి. తండ్రి రిటైరైన గార్డు. ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దగా వస్తోంది. పది రోజులు ఆస్పత్రిలో ఉంచి ఇంటికి పంపారు. ముందు గదిలో మంచం వేశారు. ఆ సాయంత్రం నుంచే సలహాలు మొదలవుతాయి. పావురం రక్తం పూస్తే చచ్చుబడిన కాలు లేస్తుందని ఊరి నుంచి వచ్చిన పెద్దమ్మ అంటుంది. ఆవనూనెతో గట్టిగా మాలిష్ చెయ్యమని పక్కింటి బెంగాలీ ఆవిడ చెబుతుంది. మడమల కింద నీళ్ళు నింపిన గ్లవ్ పెట్టమని ఒకరు, నడుము కింద రింగు దిండు వెయ్యమని మరొకరు. పడిపోయిన చేతికి తాడూ కప్పీ కట్టి పైకి లాగించమని ఫోన్లో చూసిన వీడియో. వీలైనంత త్వరగా లేపి నడిపించమనే వాళ్ళు కొందరు, కదిలించవద్దనే వాళ్ళు కొందరు.

అందరూ మంచి కోరే చెబుతున్నారు. కానీ మంచి కోరడం వేరు, మంచి జరగడం వేరు. ఈ రెండింటి మధ్య దూరాన్ని కొలిచేదే పరిశోధన. రోగిని తిరిగి నిలబెట్టే నర్సింగ్ సేవలో ఆ కొలత ఏం తేల్చింది, దాన్ని ఇలాంటి ఇంటికి ఎలా తెచ్చుకోవాలి అన్నదే ఈ వ్యాసం.

పునరావాసం అంటే ఇక్కడ అర్థం వేరు

తెలుగులో పునరావాసం అనగానే ప్రాజెక్టుల కింద ముంపుకు గురైన ఊళ్ళు గుర్తొస్తాయి. వైద్యంలో ఆ మాటకు అర్థం వేరు. జబ్బు వల్లనో ప్రమాదం వల్లనో పోయిన శక్తిని వీలైనంత తిరిగి తెచ్చుకోవడం, తిరిగి రానిదానితో సర్దుకుని సొంతంగా బతకడం నేర్చుకోవడం. అన్నం తినడం, బాత్రూముకు వెళ్ళడం, చొక్కా తొడుక్కోవడం, మాట్లాడటం, మళ్ళీ పనికి పోవడం వంటివన్నీ దీని లక్ష్యాలు. 2019 నాటి లెక్కల ప్రకారం ప్రపంచంలో సుమారు 240 కోట్ల మంది ఇలాంటి సేవ వల్ల మేలు పొందే స్థితిలో ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో 'రిహాబిలిటేషన్ 2030' పేరుతో ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టడానికి ఈ అవసరమే కారణం.

ఈ సేవ అంటే ఫిజియోథెరపీ ఒక్కటే అని చాలామంది అనుకుంటారు. ఫిజియోథెరపిస్టు రోజుకు అరగంటో గంటో ఉంటారు. మిగతా సమయమంతా రోగి నర్సు చేతిలోనో, ఇంటివాళ్ళ చేతిలోనో ఉంటాడు. పక్క మార్చేదీ, మింగుడు పడుతోందో లేదో కనిపెట్టేదీ, మూత్రం గొట్టం ఇంకా అవసరమా అని అడిగేదీ, చెంచా నోటికి అందించాలా లేక ఆయన చేతికే ఇచ్చి ఓపిగ్గా చూడాలా అని తేల్చుకునేదీ నర్సే. చూడటానికి ఇవి చిన్న పనులు. రోగి మంచం దిగుతాడా, మంచానికే అంటుకుపోతాడా అన్నది చాలావరకు వీటి మీదే ఆధారపడి ఉంటుంది.

ఆధారం అంటే ఏమిటి?

నర్సింగ్‌కు లెక్కలు కొత్త కాదు. 1850ల నాటి క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకంటే నివారించదగిన జబ్బులతోనే ఎక్కువగా చనిపోతున్నారని ఫ్లోరెన్స్ నైటింగేల్ అంకెలతో, బొమ్మలతో చూపింది. ఆ తర్వాత చాలా కాలం నర్సు పని అంటే పై వాళ్ళు చెప్పింది చెయ్యడం, సీనియర్ సిస్టర్ చేసినట్టు చెయ్యడం అన్నట్టే సాగింది. చేస్తున్న చికిత్సల్లో ఎన్నింటికి సరైన రుజువు ఉందని బ్రిటిష్ వైద్యుడు ఆర్చీ కాక్రేన్ 1972లో రాసిన పుస్తకంలో నిలదీశాడు. ఆయన పేరుతోనే 1993లో కాక్రేన్ సంస్థ ఏర్పడింది. ఒక్కో ప్రశ్న మీద ప్రపంచంలో జరిగిన ప్రయోగాలన్నిటినీ వెతికి, నాణ్యతను తూచి, మొత్తంగా ఏం తేలిందో చెప్పడం దాని పని. 2007లో భారత వైద్య పరిశోధన మండలి ఈ సమీక్షలను దేశంలో ఎవరైనా ఉచితంగా చదివే ఏర్పాటు చేసింది.

ఆధారాలన్నీ ఒకే తూకానికి రావు. 'నా అనుభవంలో ఇది పని చేసింది' అన్నది కింది మెట్టు. ఎందరో రోగులను గమనించి లెక్కలు తీయడం దానికి పైమెట్టు. రోగులను లాటరీ తీసినట్టు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు కొత్త పద్ధతి, మరో జట్టుకు మామూలు పద్ధతి ఇచ్చి పోల్చడం ఇంకా పైమెట్టు. అలాంటి ప్రయోగాలను కలిపి చేసే సమీక్ష అన్నిటికంటే పైన.

హైదరాబాద్ నుంచే ఒక ఉదాహరణ ఉంది. నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ, అంటే నిమ్స్‌లో పక్షవాతం వచ్చిన 608 మంది వివరాలను సువర్ణ అల్లాడి బృందం పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించింది. ఒకటికంటే ఎక్కువ భాషలు మాట్లాడే వారిలో 40.5 శాతం మందికి ఆలోచనాశక్తి మామూలుగా నిలిచింది. ఒకే భాష తెలిసిన వారిలో అది 19.6 శాతం మాత్రమే. మాట పోవడంలో మాత్రం రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మూడు భాషల మధ్య బతికే ఖరగ్‌పూర్ తెలుగువారికి ఇది సంతోషించే మాటే. కానీ ఇది గమనించి తీసిన లెక్క, ప్రయోగం కాదు. పక్షవాతం వచ్చాక కొత్త భాష నేర్పితే కోలుకుంటారని దీని అర్థం కాదు. ఆధారాన్ని చదవడమంటే అది చెప్పిందేమిటో, చెప్పనిదేమిటో రెండూ చూడటం.

ఇంకో సంగతి. పరిశోధన ఒక్కటే నిర్ణయం చెయ్యదు. కెనడా వైద్యుడు డేవిడ్ సాకెట్, ఆయన సహచరులు 1996లో స్పష్టం చేసినట్టు, మంచి ఆధారం, చేతి అనుభవం, రోగి ఇష్టం, ఈ మూడూ కలిస్తేనే నిర్ణయం. మూడిట్లో ఏది లేకపోయినా ముక్కాలిపీట నిలవదు.

వీపు మీద పుండు: అలవాటుకూ ఆధారానికీ ఉన్న తేడా

కదలలేని రోగికి తొలి ప్రమాదం పడక పుండ్లు. ఎముక పొడుచుకొచ్చే చోట, అంటే నడుము కింద, తుంటి మీద, మడమల దగ్గర, చర్మం గంటల తరబడి నొక్కుకుపోతే రక్తం అందక కణాలు చచ్చిపోతాయి. మొదట ఎర్ర మచ్చ, తర్వాత పొక్కు, ఆ తర్వాత ఎముక దాకా వెళ్ళే గుంట. ఒకసారి పుండు పడితే వ్యాయామం ఆగిపోతుంది, ఇన్ఫెక్షన్ వస్తుంది, నెలల శ్రమ వెనక్కి పోతుంది.

మన వార్డుల్లో తరతరాలుగా వస్తున్న పద్ధతి వీపుకు స్పిరిట్ రాసి, రుద్ది, పౌడర్ చల్లడం. చల్లగా, శుభ్రంగా అనిపిస్తుంది. కానీ స్పిరిట్ చర్మాన్ని ఎండబెడుతుంది. అప్పటికే నొక్కుకుపోయి ఎర్రబడిన చోట రుద్దితే లోపలి కణజాలం ఇంకా దెబ్బ తింటుంది. అందుకే అంతర్జాతీయ మార్గదర్శకాలు ఎర్రబడిన చోట మర్దన వద్దంటాయి. రింగు దిండు అంచు చుట్టూ ఒత్తిడి పెంచి మధ్య భాగానికి రక్తం అందకుండా చేస్తుంది కనుక అదీ వద్దంటాయి. నీళ్ళ గ్లవ్‌దీ అదే దారి, అది మడమ బరువును దించదు. దానికి బదులు పిక్క పొడవునా దిండు పెట్టి, మోకాలు కొంచెం వంచి, మడమ గాలిలో తేలేలా ఉంచాలి. ఖర్చు ఒక దిండు.

ఎవరికి ప్రమాదం ఎక్కువో ముందే కనిపెట్టడానికి నర్సులే కొలబద్దలు తయారు చేశారు. బ్రిటిష్ నర్సు డోరీన్ నార్టన్ 1962లో తన సహచరులతో కలిసి ప్రచురించిన అధ్యయనంలో ఐదు అంశాల కొలత ఇచ్చింది. అమెరికాలో బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ 1987లో ఆరు అంశాల కొలత ప్రచురించారు. నొప్పి తెలుస్తోందా, చర్మం తడిగా ఉందా, ఎంత తిరుగుతున్నారు, పడకలో ఎంత కదులుతున్నారు, ఏం తింటున్నారు, పక్క మీద ఒరుసుకుంటున్నారా అన్నవి ఆ ఆరు. మొత్తం ఎంత తక్కువ వస్తే ప్రమాదం అంత ఎక్కువ. అయితే కొలత వెయ్యడం వల్లనే పుండ్లు తగ్గుతాయనడానికి గట్టి రుజువు లేదని కాక్రేన్ సమీక్ష తేల్చింది. థర్మామీటర్ జ్వరం తగ్గించదు కదా. అంకె చూసిన తర్వాత చేసే పనే చర్మాన్ని కాపాడుతుంది.

ఆ పనిలో మొదటిది పక్క మార్చడం. ఎంతసేపటికి ఒకసారి? రెండు గంటలు అన్నది అందరికీ తెలిసిన సూత్రం. అమెరికా, కెనడాల్లోని 27 నర్సింగ్ హోముల్లో 942 మందితో చేసి 2013లో ప్రచురించిన ప్రయోగంలో రెండు, మూడు, నాలుగు గంటలకోసారి పక్క మార్చి పోల్చారు. పుండ్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మొత్తం మీద 2 శాతం మందికే పుండు పడింది. అయితే నాలుగు గంటలు వదిలెయ్యొచ్చా? ఇక్కడే జాగ్రత్తగా చదవాలి. ఆ రోగులంతా ఒత్తిడిని పంచే మంచి ఫోమ్ పరుపుల మీద పడుకున్నారు. ట్రాఫిక్‌లోని మన గార్డు గారు పడుకున్నది అణిగిపోయిన దూది పరుపు కావచ్చు, కొబ్బరి పీచు పరుపు కావచ్చు. ఆ ఫలితం ఈ మంచానికి నేరుగా వర్తించదు. పరుపు మంచిది కానప్పుడు రెండు గంటల సూత్రమే క్షేమం.

రాత్రిళ్ళు ఎలా? ఐర్లండ్‌లో 213 మందితో చేసి 2011లో ప్రచురించిన ప్రయోగం ఇందుకు పనికొస్తుంది. రోగిని పూర్తిగా ప్రక్కకు తిప్పకుండా, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు మాత్రమే ఒరిగించి, మూడు గంటలకోసారి మార్చిన జట్టులో 3 శాతం మందికి పుండ్లు వచ్చాయి. పూర్తి ప్రక్కకు తిప్పి ఆరు గంటలకోసారి మార్చిన జట్టులో 11 శాతం మందికి వచ్చాయి. కొద్దిగా ఒరిగిస్తే తుంటి ఎముక మీద బరువు పడదు. ఒక్క మనిషి కూడా చెయ్యగలిగిన పని కనుక ఇంట్లో ఆడవాళ్ళ నడుముకూ అది మేలు.

పక్షవాతం మీద నాలుగు ప్రయోగాలు, నాలుగు పాఠాలు

మొదటిది ఆస్ట్రేలియా నర్సులు నడిపింది. న్యూ సౌత్ వేల్స్‌లోని 19 స్ట్రోక్ యూనిట్లలో సాండీ మిడిల్టన్ బృందం చేసిన ప్రయోగం 2011లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. మొదటి 72 గంటలు మూడు విషయాలను నర్సులు వదలకుండా పట్టుకున్నారు: జ్వరం చూసి వెంటనే తగ్గించడం, రక్తంలో చక్కెర చూసి అదుపు చెయ్యడం, మింగగలరో లేదో పరీక్షించాకే నోటికి ఏదైనా ఇవ్వడం. తొంభై రోజులకు చనిపోయినవాళ్ళు, ఇతరుల మీద ఆధారపడినవాళ్ళు కలిపి ఈ జట్టులో 42 శాతం. మామూలు సేవ అందిన జట్టులో 58 శాతం. సుమారు ఆరుగురికి ఈ సేవ చేస్తే ఒకరు ఆ దుస్థితి నుంచి బయటపడ్డారన్నమాట. నర్సు చేతిలో ఉన్న పని ఎంత బలమైనదో ఇంత స్పష్టంగా చెప్పే ప్రయోగాలు అరుదు.

రెండోది మన ఆత్రానికి పగ్గం వేసింది. పక్షవాతం వచ్చిన 24 గంటల్లోపే రోగిని మంచం దించి, ఎక్కువసార్లు, ఎక్కువసేపు నిలబెడితే త్వరగా కోలుకుంటారన్నది సహజంగా తోచే మాట. ఐదు దేశాల్లో 2,104 మందితో చేసి 2015లో ప్రచురించిన ఎవర్ట్ ప్రయోగంలో అలా చేసిన జట్టులో 46 శాతం మంది బాగా కోలుకున్నారు. మామూలు పద్ధతి జట్టులో 50 శాతం మంది కోలుకున్నారు. ఆత్రంగా చేసింది కొంత చెరుపే చేసింది. అంటే మంచానికి కట్టేయమని కాదు. మామూలు జట్టువాళ్ళను కూడా తొలి రోజుల్లోనే లేపారు. తర్వాతి విశ్లేషణలో తక్కువసేపు, ఎక్కువసార్లు లేపడం మేలుగా కనిపించింది. ఒకేసారి అరగంట నిలబెట్టడంకంటే రోజులో పలుమార్లు పది నిమిషాలు అన్న దారి అది.

మూడోది తలగడ గొడవ. తల ఎత్తుగా పెట్టాలా, చదునుగా పడుకోబెట్టాలా అని ప్రతి వార్డులో వాదన ఉంటుంది. భారతదేశంతో సహా తొమ్మిది దేశాల్లో 11,093 మందితో జరిగి 2017లో వెలువడిన హెడ్‌పోస్ట్ ప్రయోగంలో రెండింటికీ తేడా రాలేదు. 'తేడా లేదు' అన్నదీ విలువైన జవాబే. రోగికి ఏది సుఖంగా ఉంటే అది చెయ్యొచ్చు, నర్సు శ్రమను వేరే పనికి మళ్ళించొచ్చు.

నాలుగోది మనకు అన్నిటికంటే దగ్గరిది. మన దేశంలో ఫిజియోథెరపీ అందుబాటు తక్కువ, కుటుంబం అండ ఎక్కువ. కనుక ఇంటివాళ్ళకే నేర్పితే సరిపోతుంది కదా? ఈ ఆలోచనతో 14 భారతీయ ఆస్పత్రుల్లో 1,250 మంది రోగులతో అటెండ్ ప్రయోగం జరిగింది. లూధియానా క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి చెందిన జయరాజ్ పాండియన్ ఇందులో ముఖ్యులు. ఆస్పత్రిలోనే ఇంటి మనిషికి శిక్షణ మొదలుపెట్టి, రెండు నెలల వరకు ఇంట్లో కొనసాగించారు. ఆరు నెలలకు చనిపోయినవాళ్ళు, ఆధారపడినవాళ్ళు కలిపి శిక్షణ పొందిన జట్టులో 47 శాతం, మామూలు జట్టులో 47 శాతం. తేడా సున్నా. 2017లో ఈ ఫలితం వచ్చినప్పుడు చాలామంది నిరాశపడ్డారు. కానీ అందులో ఒక నిజాయితీ ఉంది. ఎవరూ ప్రయోగం చేసి చూడకపోతే, ఈ పథకం దేశమంతా అమలై, ఆడవాళ్ళ మీద ఇంకో బరువు పడి, ప్రభుత్వం చేతులు దులుపుకునేది.

కుటుంబానికి నేర్పడం దండగ అని దీని అర్థమా? కాదు. నిపుణుల సేవకు బదులుగా కుటుంబాన్ని నిలబెట్టలేమని అర్థం. పుండు పడకుండా చూడటం, కింద పడకుండా చూడటం, గొంతుకు అడ్డం పడకుండా తినిపించడం వంటివి నేర్పవలసిందే. చచ్చుబడిన చేతికి చలనం తెచ్చే బాధ్యతను మాత్రం కోడలి నెత్తిన పెట్టి 'మీరే చేసుకోండి' అనకూడదు.

భుజం, మూత్రం గొట్టం

పడిపోయిన చేతిని పట్టి లాగడం అతి మామూలుగా జరిగే తప్పు. కండరాల పట్టు పోయిన భుజం కీలు వదులుగా వేలాడుతుంది. చంక కింద చెయ్యి వేసి లేపినా, చెయ్యి పట్టుకుని లాగినా కీలు జారి, నెలల తరబడి నొప్పి పట్టుకుంటుంది. ఇక తాడూ కప్పీ సంగతి. 1990లో ప్రచురితమైన ఒక చిన్న ప్రయోగంలో కప్పీతో వ్యాయామం చేసిన వారిలో 62 శాతం మందికి భుజం నొప్పి వచ్చింది. థెరపిస్టు చేత్తో మెల్లగా కదిపిన వారిలో 8 శాతం మందికే వచ్చింది. ప్రయోగం చిన్నది, రోగులు 28 మందే. అయినా ప్రమాదం ఎటు ఉందో చెబుతోంది, కప్పీ వల్ల ప్రత్యేక లాభం ఉందని చూపినవారు లేరు. అలాంటప్పుడు చిన్న ఆధారమైనా కప్పీ మానడానికి చాలు. చేతి కింద దిండు పెట్టి ఆనించడం, లేపేటప్పుడు నడుము దగ్గర పట్టుకోవడం మేలు.

మూత్రం గొట్టం కథ ఇంకా పాతది. వెన్నుపూస దెబ్బతిన్న వాళ్ళు ఒకప్పుడు పుండ్లతో, మూత్రపు ఇన్ఫెక్షన్లతో కొద్దికాలంలోనే చనిపోయేవారు. నాజీల నుంచి తప్పించుకుని ఇంగ్లండు చేరిన వైద్యుడు లుడ్విగ్ గుట్‌మన్ 1944లో స్టోక్ మాండెవిల్‌లో వెన్నుపూస విభాగం తెరిచి, రాత్రీ పగలూ రెండు గంటలకోసారి రోగులను తిప్పించి, మూత్రాశయాన్ని జాగ్రత్తగా చూసి ఆ చావులను తగ్గించగలిగాడు. అమెరికా వైద్యుడు జాక్ లాపిడెస్ 1972లో మరో అడుగు వేశాడు. గొట్టాన్ని లోపలే ఉంచెయ్యకుండా, అవసరమైనప్పుడు శుభ్రమైన చేతులతో రోగే పెట్టుకుని తీసెయ్యొచ్చని చూపించాడు. లోపల ఉంచిన గొట్టం వల్ల మూత్రంలో బాక్టీరియా చేరే అవకాశం రోజుకు 3 నుంచి 7 శాతం చొప్పున పెరుగుతుంది. కనుక 'ఈ గొట్టం ఇవాళ కూడా అవసరమా?' అని నర్సు రోజూ అడగడమే ఒక చికిత్స.

ఖరగ్‌పూర్ రైల్వే డివిజన్‌కు ఇది దూరపు సంగతి కాదు. 2023 జూన్ 2న కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం జరిగిన బహానగా బజార్ స్టేషన్ ఈ డివిజన్‌లోనిదే. 290 మందికి పైగా చనిపోయారు, వెయ్యి మందికి పైగా గాయపడ్డారు. అలాంటి ప్రమాదాల్లో బతికి బయటపడిన వారి మిగతా జీవితం ఎలా ఉంటుందన్నది ఆపరేషన్ తర్వాత మొదలయ్యే ఇలాంటి సేవ మీద ఆధారపడుతుంది. ఇదే లైన్లో దక్షిణాదికి వైద్యం కోసం వెళ్ళే కుటుంబాలకు వెల్లూరు పేరు తెలుసు. 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్, చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసి, ఆ తర్వాత ఈ రంగంలోనే చదువుకుని వచ్చి, వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో ఈ సేవకు పునాది వేసింది. అక్కడి పునరావాస కేంద్రం 1966లో మొదలైంది.

పరిశోధనను మన భాషలోకి తేవడం

బెంగాల్‌లో మంచాన పడిన మనిషికి ఆయాను పెట్టుకోవడం మామూలే. పగలు ఒకరు, రాత్రి ఒకరు. ఆమెకు అనుభవం ఉంటుంది, శిక్షణ ఉండకపోవచ్చు. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. సిస్టర్ బెంగాలీలోనో హిందీలోనో చెబుతుంది. మంచం పక్కన కూర్చునే ఇంటి ఇల్లాలు తెలుగులో ఆలోచిస్తుంది. మూడు భాషలు దాటేసరికి 'చిక్కగా చేసి ఇవ్వండి' అన్నది 'ద్రవం ఇవ్వండి' అయిపోవచ్చు. మింగలేని మనిషికి నీళ్ళు పడితే అవి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి 2020 డిసెంబరులో ఆమోదించింది. ఆ హోదాకు ఆస్పత్రి మంచం దగ్గర ఉండే విలువ ఇంతింత కాదు.

భాష ఒక్కటే చాలదనీ పరిశోధన చెబుతోంది. మళ్ళీ పక్షవాతం రాకుండా రోగులకు ఎస్సెమ్మెస్‌లు, వీడియోలు, పుస్తకం పలు భారతీయ భాషల్లో ఇచ్చి 31 కేంద్రాల్లో 4,298 మందితో చేసిన స్ప్రింట్ ఇండియా ప్రయోగం ఫలితాలు 2023లో వచ్చాయి. గుండెపోటు, మళ్ళీ పక్షవాతం, మరణం వంటివి సమాచారం అందిన జట్టులో 5.5 శాతం, మామూలు జట్టులో 4.9 శాతం. లాభం కనిపించలేదు. కాగితం చేతికివ్వడం, మెసేజ్ పంపడం నేర్పడం కిందికి రాదు. చెప్పింది అర్థమైందో లేదో తిరిగి చెప్పించుకోవాలి, చేసి చూపించి, వాళ్ళచేత చేయించి చూడాలి. 'అర్థమైందా అమ్మా?' అంటే ఎవరైనా తల ఊపుతారు. 'రాత్రి ఆయన్ని ఎలా తిప్పుతారో ఒకసారి చూపించండమ్మా' అంటే అసలు సంగతి తెలుస్తుంది.

వార్డులో మార్పు ఎలా మొదలవుతుంది?

పరిశోధనను అమలు చెయ్యడానికి పెద్ద విభాగం అక్కర్లేదు. నర్సింగ్ కోర్సులు నేర్పే ఐదు మెట్లు ఇవి. మడమ పుండునే ఉదాహరణగా తీసుకుందాం.

1. ప్రశ్నను సూటిగా అడగడం. 'పుండ్లు ఎలా తగ్గించాలి?' అంటే జవాబు దొరకదు. 'కాలు కదపలేని రోగులకు నీళ్ళ గ్లవ్ బదులు పిక్క కింద దిండు పెడితే మడమ పుండ్లు తగ్గుతాయా?' అంటే దొరుకుతుంది.

2. వెతకడం. ముందు సమీక్షలు, మార్గదర్శకాలు. అవి లేకపోతే విడి ప్రయోగాలు.

3. తూచడం. ఎంతమంది మీద చేశారు? లాటరీ పద్ధతిలో జట్లు చేశారా? వాళ్ళ రోగులు, వాళ్ళ పరుపులు, వాళ్ళ సిబ్బంది మనలాంటివేనా?

4. అమలు చెయ్యడం. ఒక వార్డులో, ఒక నెల. దిండ్లు ఎక్కడి నుంచి వస్తాయి, రాత్రి షిఫ్టులో ఎవరు చూస్తారు అన్నది ముందే తేల్చుకోవాలి. ఆస్ట్రేలియా ప్రయోగం గెలిచింది కూడా ఇక్కడే. ప్రతి యూనిట్లో అడ్డంకులు ఏమిటో సిబ్బందిని కూర్చోబెట్టి ముందే అడిగారు.

5. కొలవడం. నెల ముందు ఎన్ని మడమలు ఎర్రబడ్డాయి, తర్వాత ఎన్ని? ఒక నోటుబుక్కు చాలు.

ఐదో మెట్టునే చాలాచోట్ల వదిలేస్తారు. కొలవకపోతే కొత్త పద్ధతి కూడా కొన్నాళ్ళకు ఇంకో పాత అలవాటు అవుతుంది.

ఇంటికి పంపేముందు అడగవలసినవి

రోగి కుటుంబానికి ప్రశ్నించే హక్కు ఉంది. మంచి సిస్టర్ ఈ ప్రశ్నలకు విసుక్కోదు.

- మింగే పరీక్ష చేశారా? ఏది, ఎంత చిక్కగా, ఎలా కూర్చోబెట్టి పెట్టాలి?
- మా పరుపు ఇలాంటిది. ఎంతసేపటికోసారి పక్క మార్చాలి?
- చర్మం మీద ఎక్కడెక్కడ రోజూ చూడాలి? ఎర్రదనం ఎలా ఉంటే మళ్ళీ రావాలి?
- మూత్రం గొట్టం ఎందుకు ఉంచారు? ఎప్పుడు తీస్తారు?
- పడిపోయిన చేతిని ఎలా పట్టుకోవాలి, ఎలా పట్టుకోకూడదు?
- ఫిజియోథెరపీ ఎక్కడ, ఎన్నిసార్లు? ఇంట్లో మేము చెయ్యగలిగేది ఏది, చెయ్యకూడనిది ఏది?

ఇప్పుడు ట్రాఫిక్‌లోని ఆ ముందు గదికి మళ్ళీ వెళ్దాం. పావురం ఎగిరిపోనివ్వండి. కప్పీ, రింగు దిండు, నీళ్ళ గ్లవ్ పక్కన పెట్టెయ్యండి. మాలిష్ ఆయనకు హాయిగా ఉంటే మెల్లగా చెయ్యొచ్చు, ఎర్రబడిన చోట మాత్రం వద్దు. పిక్క కింద ఒక దిండు, వీపు వెనక ఒక దిండు, చేతి కింద ఒక దిండు. గోడ గడియారం కింద ఒక కాగితం, పక్క మార్చిన వేళలు రాసుకోవడానికి. బండి బయల్దేరిన నిమిషం, చేరిన నిమిషం జీవితమంతా పుస్తకంలో రాసిన మనిషి ఆయన. ఎడమ చెయ్యి బాగానే ఉంది కనుక పెన్సిల్ ఆయనకే ఇచ్చి చూడండి. వంకరగా రాసినా సరే, తన సేవలో తానూ ఒక చెయ్యి వెయ్యడమే ఈ వైద్యం మొదటి లక్ష్యం.